చీకటికి కళ్లు అలవాటు పడేదాకా: ‘అమ్నీషియా: ద డార్క్ డిసెంట్’ గేమ్ రివ్యూ

తుపాకీ ఉండదు, కత్తి ఉండదు, కనీసం కర్ర కూడా ఉండదు. చేతిలో ఒక నూనె లాంతరు, సంచిలో కొన్ని చెకుముకి పెట్టెలు. వీటితో ఒకప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలోని ఒక పాత కోటలో పైఅంతస్తుల నుంచి అట్టడుగు నేలమాళిగ దాకా దిగాలి. స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2010 సెప్టెంబర్ 8న విడుదల చేసిన ‘అమ్నీషియా: ద డార్క్ డిసెంట్’ గేమ్ ఇంతే. దీని తర్వాత ఇంతకన్నా అందమైన బొమ్మలతో, ఇంతకన్నా భయంకరమైన ఆకారాలతో హారర్ గేములు చాలా వచ్చాయి. అయినా ఈ రకం గేములు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందు చెప్పాల్సిన పేరు ఇదే. దీని బలం మాన్‌స్టర్లలో లేదు. వెలుతురుకు ఇది కట్టిన ధరలో ఉంది.

కథ విషయం క్లుప్తంగా చెప్పాలి, ఎక్కువ చెబితే పాడైపోతుంది. అది 1839 ఆగస్టు. డేనియల్ అనే లండన్ యువకుడు బ్రెన్నెన్‌బర్గ్ కోటలో నేలమీద పడి ఉండగా మెలకువ వస్తుంది. పేరు తప్ప దాదాపు ఏమీ గుర్తుండదు. కాసేపటికి ఒక ఉత్తరం దొరుకుతుంది. అది తన చేతిరాతే, తనకు తానే రాసుకున్నది. జ్ఞాపకాలు పోయేలా మందు తాగింది కావాలనేనని, కోట అడుగున ఉన్న అలెగ్జాండర్‌ను చంపాలని, వెనక ఒక నీడ తరుముకొస్తోందని అందులో ఉంటుంది. మిగతాదంతా గదుల్లో దొరికే డైరీ కాగితాల్లో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది. కథ రాసింది మికాయెల్ హెడ్‌బర్గ్. ‘నేనేం చేశానని ఇదంతా మర్చిపోవాలనుకున్నాను?’ అన్న ప్రశ్నకు జవాబు దగ్గరపడే కొద్దీ, వెనక వచ్చే నీడకన్నా ముందున్న కాగితం ఎక్కువ భయపెడుతుంది. చిత్రహింసల ప్రస్తావన గట్టిగానే ఉంటుంది. అమెరికాలో దీనికి 17 ఏళ్లు దాటినవాళ్లకే అనే రేటింగ్ ఇచ్చారు. ఇంట్లో పిల్లలు ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక వెలుతురు సంగతి. డేనియల్‌కు చీకటంటే భయం. చీకట్లో ఎక్కువసేపు ఉంటే మతి చెదరడం మొదలవుతుంది. తెర వంకర్లు పోతుంది, పళ్లు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది, పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, మౌస్ కదిలించినంత చురుగ్గా చూపు కదలదు. ట్యాబ్ నొక్కితే వచ్చే సంచి తెరలో ఆరోగ్యం, మతి పరిస్థితి మాటల్లో రాసి ఉంటాయి, అంకెల్లో కాదు. ‘కొద్దిగా తలనొప్పి’ దగ్గర మొదలై, ‘తల పగిలిపోతోంది, చేతులు వణుకుతున్నాయి’ దాకా పోతుంది. ఆ తర్వాత మాట కూడా ఉండదు, మూడు చుక్కలే. మతి పూర్తిగా జారిపోతే డేనియల్ కుప్పకూలి కాసేపు నేలమీద పాకుతాడు. మామూలు మోడ్‌లో అది చావు కాదు. కానీ ఆ క్షణంలో పక్కన మాన్‌స్టర్ ఉంటే చావే.

మతి నిలబడాలంటే వెలుతురు కావాలి. వెలుతురుకు రెండు దారులు. ఒకటి లాంతరు. ఎఫ్ నొక్కితే వెలుగుతుంది, వెలిగినంతసేపూ నూనె తాగుతుంది. రెండోది గదుల్లో ఆరిపోయి ఉన్న కొవ్వొత్తులు, గోడ దివిటీలు. వాటిమీద క్లిక్ చేస్తే ఒక చెకుముకి పెట్టె ఖర్చై అవి వెలుగుతాయి. నూనె సీసాలు, చెకుముకి పెట్టెలు అలమరల్లో, సొరుగుల్లో, బల్లల కింద దొరుకుతాయి. కానీ అన్ని దీపాలూ వెలిగించేటన్ని దొరకవు. పైగా వెలుతురులో మీరు చూడగలిగినట్టే మాన్‌స్టర్ కూడా మిమ్మల్ని చూస్తుంది. చీకట్లో ఉంటే మతి పోతుంది, వెలుతురులో ఉంటే ప్రాణం పోతుంది. తలుపు తెరిచిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. మిగతా గేమ్ అంతా ఈ లెక్కచుట్టూనే అల్లారు.

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు లాంతరు ఆర్పకుండా తిరగడం. మొదటి గంటలో ఇబ్బందేమీ తెలియదు, గేమ్ ఉదారంగానే నూనె ఇస్తుంది. తర్వాత నిజంగా అవసరమైన చోట్ల లాంతరు ఖాళీగా ఉంటుంది. రెండో తప్పు దీనికి తలకిందులు: అన్నీ దాచుకుని, ఒక్క దీపమైనా వెలిగించకుండా చీకట్లోనే తడుముకుంటూ వెళ్లి మతి పోగొట్టుకోవడం. మధ్యేమార్గం ఒకటుంది. గదిలోకి అడుగుపెట్టగానే లాంతరు ఆర్పి, కంట్రోల్ నొక్కి కూర్చుని, కాసేపు ఆగండి. పల్లెలో కరెంటు పోయినప్పుడు కాసేపటికి పెరడు మసకగా కనిపించినట్టే, డేనియల్ కళ్లూ చీకటికి కొంత అలవాటు పడతాయి. గది ఆకారం తెలిశాక, పదేపదే తిరిగి రావాల్సిన చోట్ల మాత్రమే, అంటే దారులు కలిసే కూడళ్లలోనూ పజిల్ ఉన్న గదిలోనూ, ఒక్కో దీపం వెలిగించండి. వెలుగుతున్న దివిటీ కింద నిలబడి ఉన్నప్పుడు లాంతరు ఎందుకు? ఆర్పేయండి. పెద్ద నూనె పీపాలు కనిపిస్తే అక్కడ లాంతరు నింపుకోవచ్చు, సీసా అక్కర్లేదు. ఇంకోమాట: కథ కోసం కొన్నిచోట్ల గాలి వీచి దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. పొడవాటి నడవాలో కనిపించిన కొవ్వొత్తినల్లా వెలిగించుకుంటూ పోతే అంత ఖర్చూ బూడిదే.

మతి తిరిగి రావడానికి అసలు మందు ముందుకు సాగడమే. పజిల్ ఒకటి తీరినా, కథలో ఒక మెట్టు దిగినా, తెరమీద లేత వెలుగు మెరిసి డేనియల్ తేరుకుంటాడు. అందుకే భయమేసి ఒకే గదిలో తచ్చాడేవాళ్ల పరిస్థితి అంతకంతకూ దిగజారుతుంది. ఏం చేయాలో తోచకపోతే జే నొక్కి జర్నల్ తెరవండి. దొరికిన డైరీలు, ఉత్తరాలతోపాటు ఇంకా చేయాల్సిన పనుల గుర్తులూ అందులో ఉంటాయి. ‘ఇక్కడ ఇరుక్కుపోయాం’ అనే చిక్కుల్లో చాలావరకు ఈ పేజీ చూడకపోవడం వల్ల వచ్చేవే.

మాన్‌స్టర్ ఎదురైనప్పుడు సంగతి మరీ నిక్కచ్చిగా ఉంటుంది. దానివైపు చూస్తేనే మతి జారిపోతుంది. ఆటగాళ్లు గ్రంట్ అని పిలుచుకునే మామూలు రకం, దవడ వేలాడుతూ ఈడ్చుకుంటూ నడుస్తుంది. అది దూరంగా ఉండి మిమ్మల్ని ఇంకా చూడకపోతే, లాంతరు ఆర్పి, మూలకు వెళ్లి, కూర్చుని, ముఖం గోడవైపు తిప్పుకోండి. అది ఎటు పోయిందో ఒకసారి తొంగి చూడాలని చెయ్యి లాగేస్తుంది, చూడకండి. మిమ్మల్ని చూసేసిందంటే దాక్కునే వేళ దాటిపోయింది, షిఫ్ట్ నొక్కి పరుగే. మధ్యలో ఒకట్రెండు తలుపులు మూసుకుంటూ పోవాలి. అది కొయ్య తలుపుల్ని పగలగొడుతుంది, కానీ దానికి సమయం పడుతుంది. తలుపు వెనక పెట్టెలు, కుర్చీలు అడ్డం లాగితే ఇంకొంచెం సమయం దొరుకుతుంది. చూపు తప్పించుకుని కాసేపు నిలబడితే అది వెతికి వెతికి వెళ్లిపోతుంది. చాలాసార్లు ఆ చోటునుంచే మాయమైపోతుంది. బీరువా ఉంటే లోపలికి దూరి తలుపు లాక్కోవచ్చు.

ఇక్కడే ఈ గేమ్ చేతిపని బయటపడుతుంది. తలుపు ఒక బటన్‌తో తెరుచుకోదు. ఎడమ మౌస్ బటన్ నొక్కి పట్టుకుని మౌస్‌ను ముందుకు తోయాలి, లేదా వెనక్కి లాగాలి. సొరుగైనా అంతే. చక్రం తిప్పాలంటే మౌస్‌ను గుండ్రంగా తిప్పాలి. చేతిలో పట్టుకున్న వస్తువును ఆర్ నొక్కి అటూ ఇటూ తిప్పవచ్చు, కుడి బటన్‌తో విసరవచ్చు. దీనివల్ల ఒక మేలు: తలుపును వేలెడు సందు మాత్రమే తెరిచి, ‘క్యూ’, ‘ఈ’ కీలతో పక్కకు ఒరిగి లోపలికి చూడవచ్చు. ఒక ప్రమాదం కూడా: వెంట తరుముతుంటే, మీవైపు తెరుచుకునే తలుపును కంగారులో ముందుకు తోస్తూనే ఉంటారు. అది తెరుచుకోదు. లాగడానికి ఒక అడుగు వెనక్కి వేయాలి, ఆ అడుగు వెనక ఎవరున్నారో మీకు తెలుసు. కొత్త చోటుకు వెళ్లగానే ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఒకసారి ఊపి చూసుకోవడం అనవసరపు జాగ్రత్త కాదు. మౌస్‌ప్యాడ్ మీద చోటు కూడా ఎక్కువ కావాలి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మాత్రం ఆడకండి. బటన్ నొక్కి పట్టుకుని లాగడం దానిమీద కుదరదు, గేమ్ సగం చచ్చిపోతుంది.

ఈ గేములో ఒక్క ఘట్టం చూపించమంటే చూపించాల్సింది నీళ్లు నిండిన నేలమాళిగ. అక్కడ శత్రువు కనిపించదు. నీటిమీద అడుగులు పడ్డట్టు చిందే నీళ్లు మాత్రమే మీవైపు వస్తుంటాయి. ఆటగాళ్ల వాడుకలో దీని పేరు కేర్న్‌క్. అది నీళ్లు దాటి పైకి రాలేదు. పెట్టెమీదనుంచి పెట్టెమీదకి దూకుతూ వెళ్లినంతసేపూ మీకేమీ కాదు. పెట్టె లేనిచోట నీళ్లలో దిగక తప్పదు. అక్కడ పడి ఉన్న శవాల ముక్కల్లో ఒకటి తీసి, మీరు వెళ్లాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా, దూరంగా విసరండి. చిందులు అటు పోతాయి. అది తింటున్న చప్పుడు వినిపించినంతసేపే మీ సమయం. దగ్గరగా విసిరితే తినడం ముగించుకుని మీమీదకే వస్తుంది, ఇక్కడ చచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ముందుగా దూకే దారి మొత్తం కళ్లతో లెక్కపెట్టుకుని, తర్వాతే విసరాలి. చివర్లో దూకేందుకు పెట్టెలు లేని నడవా వస్తుంది. అక్కడ ఉపాయాలేమీ పనిచేయవు. పరుగెత్తడం, దాటిన తలుపు వేయడం, వెనక్కి చూడకపోవడం. నీళ్ల చిందులు, ఒక చప్పుడు, ఇంతే సామగ్రి. శత్రువుకు ఆకారం కూడా గీయకుండా ఇంత భయం పుట్టించిన ఘట్టం హారర్ గేముల్లో అరుదు.

చప్పుడు అన్నాం కనుక దానిగురించి. 2011లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో ఈ గేముకు ధ్వనికి, సాంకేతికతకు రెండు అవార్డులు వచ్చాయి. సంగీతం మిక్కో టార్మియాది. మాన్‌స్టర్ దగ్గరపడుతుంటే సంగీతం పెరుగుతుంది, పోయాక తగ్గుతుంది. అలవాటైతే అదే మీకు కాపలా. మిగతా వేళల్లో కోట తనంతట తానే చప్పుళ్లు చేస్తుంటుంది: పైఅంతస్తులో అడుగులు, ఎక్కడో కిర్రుమన్న కలప, ఊపిరి. వాటిలో చాలావాటి వెనక ఎవరూ ఉండరు. ఏది నిజమో చెవితో తేల్చుకోవాలంటే హెడ్‌ఫోన్స్ కావాలి, స్పీకర్లతో ఆడితే దిక్కు తెలియదు. మన ఇళ్లల్లో పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఆ సన్నని చప్పుళ్లు సగం మునిగిపోతాయి. చెవిని పూర్తిగా మూసే రకం హెడ్‌ఫోన్స్ ఉంటే ఆ బాధ ఉండదు. మొదట్లో వచ్చే గామా తెరను, అంటే బొమ్మ ఎంత వెలుతురుగా కనిపించాలో సరిచేసుకునే తెరను కూడా తొందరపడి దాటేయకండి. గది లైటు ఆర్పేశాక, అక్కడి బొమ్మ కనీకనిపించకుండా ఉండేలా పెట్టుకోండి. పగటిపూట కిటికీ తెరిచి గామా పెంచి ఆడితే చీకటి బూడిదరంగుగా మారి, లాంతరుకు పని ఉండదు. అప్పుడు ఈ గేములో మిగిలేది గోడలమీద, వస్తువులమీద పాతబడిన బొమ్మలు (టెక్స్‌చర్లు), పెట్టెలు మోయడం మాత్రమే. గెలవాలన్న పట్టుదలతో కాకుండా ఆ లోకంలో లీనమై ఆడమని గేమ్ మొదట్లోనే చెబుతుంది. ఆ సలహా అక్షరాలా పాటించండి.

పజిళ్లు ఎక్కువగా వెతికి తెచ్చి అమర్చే రకం. ముందుగా వచ్చే పెద్ద పని, దారికి అడ్డంగా పెరిగిన మాంసం ముద్దలాంటి దాన్ని కరిగించే ఆమ్లం తయారుచేయడం. నాలుగు రసాయనాలు కావాలి: క్యూప్రైట్, ఆక్వా రీజియా, క్యాలమైన్, ఆర్పిమెంట్. వాటిని వెతికేది వైన్ సెల్లార్ లాంటి చీకటి గదుల్లో కాబట్టి, వెళ్లేముందు లాంతరులో నూనె చూసుకోండి. మధ్యలో ఎలివేటర్ నడిపే యంత్రాల గది వస్తుంది. అక్కడి మీటల దగ్గర చాలామంది ఆగిపోతారు. జవాబు వద్దనుకునేవాళ్లు తర్వాతి వాక్యం వదిలేయండి. పైకెత్తిన మీటల అంకెలు కలిపితే 8 రావాలి, దించిన మీటలవి కలిపినా 8 రావాలి. పజిళ్లలో ఎక్కువభాగం సబబుగానే ఉంటాయి. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎక్కాల్సిన చోట్ల మాత్రం విసుగు పుడుతుంది. గేములో వస్తువుల బరువు సరిగా తెలియక పెట్టె జారుతుంది, భయంలో ఉన్న మనిషి తాపీపనిలోకి దిగిపోతాడు.

అన్నిటికన్నా పెద్ద లోపం చావు దగ్గర ఉంది. మామూలు మోడ్‌లో చనిపోతే దగ్గర్లోనే లేస్తారు, ఇంతకుముందున్న మాన్‌స్టర్ చాలాసార్లు చోటు మారుతుంది లేదా అసలే ఉండదు. ఒకేచోట పదిసార్లు చచ్చి ఆటగాడు విసుగెత్తకూడదన్నది గేమ్ తయారుచేసినవాళ్ల ఉద్దేశం, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ ఒకసారి ఈ గుట్టు తెలిస్తే, దాక్కోవడం కన్నా ఎదురెళ్లి చావడమే సులువని తెలిసిపోతుంది. ఆ క్షణంలో భయం చచ్చిపోతుంది. అలా ఆడకండి. రెండో లోపం, కోట కిందిభాగానికి వచ్చేసరికి మాన్‌స్టర్ ఎప్పుడు వస్తుందో పసిగట్టేయగలుగుతాం. ముఖ్యమైన వస్తువు చేతికి రాగానే అది ప్రత్యక్షమవుతుంది. మొదటిసగంలోని అనిశ్చితి అక్కడ లేదు. జ్ఞాపకాలు వినిపించే గొంతులు కూడా కొన్నిచోట్ల కథను నాటకంలా ఊదరగొడతాయి. ఆ ఇంగ్లిష్ 19వ శతాబ్దపు ధోరణిలో ఉంటుంది, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లిష్ వినడం కష్టమైతే సబ్‌టైటిల్స్ పెట్టుకుని, డైరీలను నిదానంగా చదవండి. అవి వదిలేస్తే మూడు ముగింపుల్లో దేనికీ అర్థం ఉండదు.

ఒకసారి పూర్తిచేసినవాళ్లకు 2018లో చేర్చిన హార్డ్ మోడ్ అసలైన బహుమతి. పైన చెప్పిన చావు లోపానికి ఇది నేరుగా జవాబు. గేమ్ తనంతట తానే సేవ్ చేసుకునే ఆటోసేవ్ ఉండదు. సేవ్ చేయాలంటే ప్రతిసారీ నాలుగు చెకుముకి పెట్టెలు ఇచ్చుకోవాలి. నూనె, చెకుముకి తక్కువ దొరుకుతాయి. మతి సున్నాకు పడితే చావే. మాన్‌స్టర్లు ఇంకా వేగంగా, ఇంకా తొందరగా పసిగడతాయి, ఎక్కువసేపు ఉంటాయి. అవి వస్తున్నాయని హెచ్చరించే సంగీతం ఉండదు. నాలుగు దీపాలా, ఒక సేవా అని తూచుకోవాల్సి వచ్చినప్పుడు ఈ గేమ్ తన వెలుతురు లెక్కను చివరిదాకా తీసుకెళ్లినట్టు అనిపిస్తుంది. మొదటిసారే ఇందులోకి దిగకండి. గదులు తెలియకుండా ఇది భయం కాదు, శిక్ష.

కొనేవాళ్లకు కొన్ని మాటలు. పీసీ వెర్షన్ తీసుకోండి. 2016లో పీఎస్4కు, 2018లో ఎక్స్‌బాక్స్ వన్‌కు, 2019లో స్విచ్‌కు ‘అమ్నీషియా కలెక్షన్’ వచ్చింది, అది బాగానే నడుస్తుంది. కానీ తలుపు లాగే ఆ చేతిపని మౌస్ కోసం పుట్టినది. 2 జీబీ ర్యామ్, 3 జీబీ డిస్క్ చోటు అడిగే గేమ్ ఇది. కొత్త గేములు మొరాయించే పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా ప్రయత్నించవచ్చు. మరీ పాత ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌తో మాత్రం నడవకపోవచ్చు. అందుకే కొన్న వెంటనే కాసేపు ఆడి చూడండి, నడవకపోతే రీఫండ్ గడువు దాటకముందే తెలుస్తుంది. లైనక్స్, మ్యాక్ వెర్షన్లు మొదటినుంచీ ఉన్నాయి. తొందర లేకపోతే సేల్ దాకా ఆగండి, ఇంత పాత గేముకు పూర్తి ధర పెట్టక్కర్లేదు. ఒకరోజులో ముగించాలని కూర్చోవద్దు. ఎనిమిది గంటలకు అటూ ఇటూ పడుతుంది, రాత్రికి గంటన్నర చొప్పున ఐదారు రాత్రులు సరిగ్గా సరిపోతుంది. మామూలు మోడ్‌లో సేవ్ చేసి బయటకు వచ్చే వీలుంది.

2020లో ఫ్రిక్షనల్ ఈ గేమ్ సోర్స్ కోడ్‌ను, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సుతో బయటపెట్టింది. ఆటగాళ్లు సొంతంగా తయారుచేసిన కోటలు, కథలు చాలా ఉన్నాయి, నాణ్యత మాత్రం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. వాటికన్నా ముందు 2011లో వచ్చిన ‘జస్టీన్’ అనే అదనపు కథ ఆడండి, గేముతోపాటే ఉచితంగా వస్తుంది. చిన్నది, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. అందులో చచ్చిపోతే గేమ్ నేరుగా మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది, మళ్లీ మొదటినుంచి ఆడాలి. సేవ్ లేదు కాబట్టి దానికి కూర్చునే ముందు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా ఉందో లేదో చూసుకోండి.